క్షేమంగా చేరితేనే పండగ

సంక్రాంతి వస్తోందంటే మా తెనాలి వీధుల్లో ముగ్గులకంటే ముందు కార్లు కనిపిస్తాయి. భోగికి రెండు రోజుల ముందునుంచే హైదరాబాదు బళ్లు ఒక్కొక్కటే దిగుతాయి. వాకిట్లో చోటు చాలక, కారు చక్రాల పక్కనే ముగ్గు సర్దుకుని గొబ్బెమ్మలు పెట్టుకునే ఇళ్లు కూడా ఉన్నాయి. ఒకప్పుడు చుట్టాలు వస్తున్నారంటే స్టేషనుకు రిక్షా పంపిస్తే సరిపోయేది. ఇప్పుడు "ఎక్కడిదాకా వచ్చారు?" అని గంటగంటకీ ఫోను చేస్తూ కూర్చోవాల్సి వస్తోంది.

వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోకముందే మగవాళ్ల మధ్య ఒక మాట మొదలవుతుంది. "ఎన్ని గంటలు పట్టింది?" అని. ఒకాయన ఆరు గంటలంటాడు. ఇంకొకాయన "నేను అయిదు గంటల్లో వచ్చేశా" అంటాడు. మూడో ఆయన "నాకు నాలుగున్నరే" అని మీసం మీద చెయ్యి వేస్తాడు. కాఫీ కలుపుతున్న మనం వంటింట్లోంచే "అబ్బో!" అంటాం. ఆ "అబ్బో" విన్నాయన తిరుగు ప్రయాణంలో ఇంకో పావుగంట తగ్గించాలని చూస్తాడు. అలా మనకు తెలియకుండానే ఇంట్లోనే ఒక కార్ల పందెం పెడుతున్నాం.

పందెం అన్నాక, నిజంగా పందేలు నడిపేవాళ్ల సంగతి కాస్త తెలుసుకుంటే మంచిది కదా. మా మరిది కొడుక్కి కార్ల రేసులంటే పిచ్చి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుస్సేన్‌సాగర్ పక్కన 'ఫార్ములా ఈ' పోటీ జరిగింది. అవి కరెంటుతో నడిచే రేసు కార్లు. మన దేశంలో ఆ పోటీ జరగడం అదే మొదటిసారి. జాన్ ఎరిక్ వెర్న్ అనే ఫ్రాన్సు డ్రైవరు గెలిచాడు. అది చూసొచ్చిన దగ్గర్నుంచి మావాడు ఎప్పుడొచ్చినా నాకు ఆ కబుర్లే చెబుతాడు. వింటూ వింటూ నాకు తోచింది ఒకటే. రేసు డ్రైవర్లు తమ ఒంటి గురించి పడే జాగ్రత్తలో పావు వంతు మనం పడినా మన ప్రయాణాలు చల్లగా సాగిపోతాయి.

రేసు దూరం, మన దూరం ఒక్కటే!

ఫార్ములా వన్ పోటీ దూరం ఎంతో తెలుసా? సుమారు 305 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి మా తెనాలికి కూడా ఇంచుమించు 300 కిలోమీటర్లే. అంటే పండక్కి ఊరొచ్చే ప్రతి డ్రైవరూ దూరంలో ఒక పెద్ద రేసు నడిపినట్టే!

ఆ దూరం నడపడానికి రేసు డ్రైవరు శరీరం ఎంత కష్టపడుతుందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. "కూర్చుని చక్రం తిప్పడమేగా" అనుకుంటాం. మలుపు తిరిగినప్పుడల్లా అతని తల, దాని మీదున్న హెల్మెట్టు నాలుగైదు రెట్లు బరువెక్కినట్టు పక్కకి లాగుతాయి. మెడ మీద పాతిక ముప్ఫై కిలోల బస్తా వేలాడదీసినట్టన్నమాట. అందుకే వాళ్లు మెడకు ప్రత్యేకంగా వ్యాయామం చేస్తారు. బ్రేకు గట్టిగా తొక్కాలంటే వంద కిలోల పైచిలుకు బలం పెట్టాలి. నిప్పంటుకోని మందపాటి బట్టలు, ఇంజను వేడి, పైన ఎండ. పోటీ పూర్తయ్యేసరికి ఒంట్లోంచి రెండు మూడు కిలోల నీరు చెమటగా పోతుంది. గుండె పరుగు పందెంలో పరుగెత్తేవాడి గుండెలాగా కొట్టుకుంటూనే ఉంటుంది.

అంత తర్ఫీదు ఉన్నవాళ్లకు కూడా ఒళ్లు సహకరించని రోజు ఉంటుంది. 2023 అక్టోబరు 8న ఖతార్‌లో జరిగిన పోటీలో ఉక్కకు తట్టుకోలేక ఒక డ్రైవరు హెల్మెట్టులోనే వాంతి చేసుకున్నాడు. ఇంకొకతను మధ్యలోనే కారు ఆపి దిగిపోయాడు. మరొకతను చూపు మసకబారిందని చెప్పాడు. ఆ తర్వాతే వేడి మరీ ఎక్కువగా ఉండే పోటీల కోసం ఒంటిని చల్లబరిచే చొక్కాల ఏర్పాటు వచ్చింది.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది ఇంకో సంగతి. ఫ్రాన్సులో లెమాన్ అనే ఊళ్లో 1923 నుంచి 24 గంటల రేసు జరుగుతోంది. కారు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది గాని, డ్రైవర్లు ముగ్గురు మారుతుంటారు. ఏ 6 గంటల వ్యవధిలోనైనా ఒక మనిషి 4 గంటలకు మించి నడపకూడదని అక్కడ నియమం. ఇక ఫార్ములా వన్ పోటీ మామూలుగా రెండు గంటల్లో ముగిసిపోవాలి. వాళ్ల దారిలో ఎదురుగా లారీ రాదు, గేదె అడ్డం రాదు, డాక్టర్లు పక్కనే సిద్ధంగా ఉంటారు. అయినా "ఇంతకు మించి వద్దు" అంటారు. మనమేమో ఆఫీసులో రోజంతా పని చేసొచ్చిన మనిషిని రాత్రి పదింటికి కారెక్కించి "తెల్లారేసరికి ఊళ్లో ఉండాలి" అంటాం!

హైదరాబాదు నుంచి తెనాలి దాకా

విజయవాడ రోడ్డు ఎంత బాగుందో అంత మోసం చేస్తుంది. నున్నగా, తిన్నగా ఉంటుంది గనుక కన్ను తెలియకుండా మూతపడుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 25 మీటర్లు ముందుకు పోతుంది. నాలుగు సెకన్ల కునుకు పడితే వంద మీటర్లు! అంటే మా వీధి ఈ చివర కళ్లు మూసుకుని ఆ చివర తెరిచినట్టు.

తెల్లవారుజామున రెండు నుంచి అయిదు దాకా, మధ్యాహ్నం భోజనమయ్యాక రెండు నుంచి నాలుగు దాకా నిద్ర బాగా ముంచుకొచ్చే వేళలు. వరసగా ఆవులించడం, కళ్లు నులుముకోవడం, బండి గీత మీదికి జరగడం, తిరగాల్సిన మలుపు దాటిపోవడం, "ఇందాక టోల్‌గేటు దాటామా?" అని అడగడం... ఇవన్నీ నిద్ర ముందుగా పంపే ఉత్తరాలు. కిటికీ దించడం, పాటలు పెట్టడం, ముఖం కడుక్కోవడం కొద్దిసేపటికే పనిచేస్తాయి. నిద్రకు మందు నిద్రే. బండి రోడ్డు మీద కాకుండా ఏ హోటలు ఆవరణలోనో, పెట్రోలు బంకులోనో ఆపుకుని కాఫీ తాగి పావుగంట, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుంటే మనిషి తేరుకుంటాడు. నార్కట్‌పల్లి దగ్గర ఒకసారి, కోదాడలో ఒకసారి, ఇబ్రహీంపట్నంలో ఇంకోసారి దిగి నాలుగడుగులు వేస్తే, మొత్తం మీద ఆలస్యమయ్యేది గంటే.

ఈ దారుల్లో మనమంతా ఎరిగిన కుటుంబానికే గుండెకోత మిగిలింది. నందమూరి జానకిరామ్ 2014 డిసెంబరు 6న ఉమ్మడి నల్లగొండ జిల్లాలో కారు ప్రమాదంలో పోయారు. అదే జిల్లాలో 2018 ఆగస్టు 29న తెల్లవారుజామున తండ్రి హరికృష్ణగారు తనే కారు నడుపుతూ వెళ్లి ప్రమాదంలో కన్నుమూశారు. ఆయన సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఎంత అలవాటున్న చేతులైనా, ఎంత మంచి కారైనా ఆ క్షణం చెప్పి రాదు.

బెల్టు ముందు కూర్చున్నవాళ్లకే అనుకోకండి. పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పోయినప్పుడు వెనక సీట్లో ఉన్నారు. బెల్టు లేని వెనకవాళ్లిద్దరూ పోయారు, ముందున్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక కూర్చునేది ఎక్కువగా మనమూ, పిల్లలూ, పెద్దవాళ్లూ కదా. "చీర నలుగుతుంది" అని బెల్టు వదిలెయ్యకండి. చట్టప్రకారం బెల్టు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానా సంగతి అటుంచి, 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. గర్భిణులు కింది బెల్టును పొట్ట మీదుగా కాకుండా పొట్ట కింద, తొడల పైభాగం మీదుగా వచ్చేట్టు పెట్టుకోవాలి. చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం ఎంత మాత్రం పనికిరాదు.

బెల్టు విలువ తెలియాలంటే గ్రోజాన్ అనే రేసు డ్రైవరు కథ వినాలి. 2020 నవంబరులో బహ్రెయిన్‌లో అతని కారు ఇనప కంచెను గుద్దుకుని రెండు ముక్కలై భగ్గుమంది. అరనిమిషం లోపే ఆ మంటల్లోంచి తనంతట తనే లేచొచ్చాడు. చేతులు కాలాయి గాని ప్రాణం దక్కింది. తల చుట్టూ ఉన్న రక్షణ కమ్మీ, మెడ కదలకుండా ఆపే పట్టీ, ఒంటికి బిగించిన బెల్టు అతన్ని కాపాడాయి.

విజయవాడ దాటాక "వచ్చేశాం" అని ఊపిరి పీల్చుకుంటారు. అసలు జాగ్రత్త అక్కడే మొదలవ్వాలి. మంగళగిరి నుంచి రేవేంద్రపాడు, దుగ్గిరాల మీదుగా తెనాలి వచ్చే దారిలో చాలా దూరం కాలువ పక్కనే నడవాలి. దుగ్గిరాల పసుపు మార్కెట్టు అందరికీ తెలిసిందే. జనవరి తెల్లవారుజామున ఆ కాలువ మీద నుంచి మంచు లేస్తే రోడ్డేదో, నీళ్లేవో తెలియదు. పెద్ద లైటు వేస్తే మంచు ఇంకా తెల్లగా కళ్లకు కొడుతుంది. చిన్న లైటే వేసుకుని నెమ్మదిగా రావాలి. అసలు ఎండ పొడిచేదాకా విజయవాడలో ఎవరింట్లోనైనా ఆగి ఇడ్లీ తిని బయల్దేరితే ఏం పోయింది?

తెనాలి నుంచి రేపల్లె

ఊరికి వచ్చాక ఊరికే కూర్చోలేం కదా. తెనాలిలో మూడు కాలువలూ, బెల్లం జిలేబీ చూపించడం అయ్యాక రేపల్లె వైపు బయల్దేరతాం. వేమూరు, భట్టిప్రోలు మీదుగా దారి. భట్టిప్రోలులో బౌద్ధ స్తూపం ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అనే ఆయన అక్కడ తవ్వించినప్పుడు ధాతువులుంచిన రాతి భరిణెలు దొరికాయి. వాటి మీద ఉన్న అక్షరాలు దక్షిణాదిలో దొరికిన పాత రాతల్లో ఒకటిగా చెబుతారు. పిల్లలకు తప్పకుండా చూపించండి.

రేపల్లె దాటితే పెనుమూడి. ఒకప్పుడు అక్కడ రేవు దాటి పులిగడ్డ వెళ్లాలంటే పడవే దిక్కు. 2006లో కృష్ణమ్మ మీద వంతెన వచ్చాక మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనం చేసుకుని అదే పూట తిరిగి రావచ్చు. వంతెన మీద గాలి బాగుంటుంది, నది విశాలంగా కనిపిస్తుంది. ఫొటోల కోసం మాత్రం బండి వంతెన మధ్యలో ఆపకండి. ఇవతల ఆపి రేవు దగ్గరికి నడిచి వెళ్తే నీళ్లు దగ్గరగా చూడొచ్చు.

ఈ పల్లె రోడ్లకు హైదరాబాదు అలవాటు పనికిరాదు. వరి కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. పట్టా కదలకుండా అంచున రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు కనపడవు. ఇంటి ఎత్తు వరిగడ్డి వేసుకుని వెళ్లే ట్రాక్టరుకు వెనక లైటు ఉందో లేదో తెలియదు, ఉన్నా గడ్డి మూసేస్తుంది. రైతు ఆరుగాలం పండించిన గింజ అది. మనం నెమ్మదిగా, పక్కగా పోవాలి గాని హారను మోత మోగించకూడదు. పొద్దుగూకేలోగా ఇల్లు చేరేట్టు చూసుకుంటే సగం భయం తగ్గిపోతుంది.

బాపట్ల, సూర్యలంక

పిల్లలు ఎదురుచూసేది సూర్యలంక కోసమే. తెనాలి నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లి, భావనారాయణస్వామి గుళ్లో దణ్ణం పెట్టుకుని, ఇంకో తొమ్మిది కిలోమీటర్లు పోతే సముద్రం. రేపల్లె వైపు నుంచి వచ్చేవాళ్లు చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బాపట్ల చేరతారు. కార్తీక మాసంలో, ఆదివారాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. అలల్లో మోకాలి లోతు దాటి పిల్లల్ని వెళ్లనివ్వకండి. పోలీసులు వద్దన్న చోట అసలే దిగకండి.

ఇక్కడ మనం మరిచిపోయే మనిషి ఒకడున్నాడు. కారు నడిపే మనిషి. అతనూ రెండు గంటలు అలల్లో ఎగిరి, ఎండలో మాడి, పులిహోర, గారెలు, పెరుగన్నం పట్టించి, ఆ భుక్తాయాసంతోనే స్టీరింగు ముందు కూర్చుంటాడు. రేసు డ్రైవరు పోటీకి ముందు తేలికగా తిని నీళ్లు బాగా తాగుతాడు. మనం ఉల్టా చేయిస్తాం. కడుపు నిండా పెట్టి, "దారిలో మాటిమాటికీ బండి ఆపాలి" అని నీళ్లు తగ్గిస్తాం. ఒంట్లో నీరు తగ్గితే తలనొప్పి, చిరాకు, మందకొడితనం వస్తాయి. తిరుగు ప్రయాణంలో నడిపేవాళ్లకు రెండు ఇడ్లీలో, కొంచెం పెరుగన్నమో, ఒక అరటిపండో పెట్టండి. మిగతా పులిహోర ఇంటికొచ్చాక తింటారు. మజ్జిగ, కొబ్బరినీళ్లు దారి పొడవునా తాగిస్తూ ఉండండి.

ఇంకో ముఖ్య విషయం. జలుబుకూ, దురదలకూ, కారులో వాంతులకూ మనం వాడే మాత్రల్లో చాలావాటికి మత్తు ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్లు వేసుకుంటే పర్వాలేదు. నడిపేవాళ్లకు డాక్టరును అడగకుండా ఇవ్వకండి.

తాళం ఎవరి చేతిలో ఉండాలి?

ఆ మధ్య సంక్రాంతికి మా మరిది ఆఫీసు నుంచి వచ్చినవాడు వచ్చినట్టే బయల్దేరి తెల్లవారుజామున నాలుగింటికి తెనాలి చేరాడు. తొమ్మిదింటికల్లా పిల్లలు "సూర్యలంక! సూర్యలంక!" అని గోల. అతను పెసరట్టు తింటూ మూడుసార్లు ఆవులించాడు. మా తోడికోడలు నా వంక చూసింది. తను చెబితే వినడని తెలుసు పాపం. నేను నెమ్మదిగా కారు తాళం తీసి బియ్యం డబ్బాలో పెట్టేశా.

"వదినా, ఇక్కడ పెట్టిన తాళం చూశావా?"

"నువ్వు పడుకుని లేస్తే కనపడుతుందిలే."

"పిల్లలు ఏడుస్తున్నారు వదినా..."

"ఏడవనీ. సాయంత్రానికి మరిచిపోతారు."

మా అత్తయ్యగారు కూడా నావైపే మాట్లాడారు. అతను పడుకున్నవాడు మధ్యాహ్నం రెండింటికి లేచాడు. సముద్రం ఎక్కడికీ పోలేదు. మర్నాడు వెళ్తే అక్కడే ఉంది!

సొంత మనిషి సంగతి సరే, అద్దె కారు డ్రైవరుకు ఏ వదినా లేదు కదా. మనం చుట్టాలతో కబుర్లు చెప్పుకుంటుంటే ఆ అబ్బాయి వీధిలో కారులోనే కాళ్లు ముడుచుకుని, దోమల్లో జాగారం చేస్తాడు. అన్నం అందరికీ అయ్యాక గుర్తొస్తుంది. మర్నాడు పొద్దున్నే మన పిల్లలందరి ప్రాణాలూ అతని చేతుల్లోనే పెడతాం. రవాణా కార్మికుల కోసం 1961లోనే చట్టం వచ్చింది. రోజుకు 8 గంటల పని, వరసగా 5 గంటలకు మించకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి అని అందులో ఉండేది. చట్టం ఎలా ఉన్నా మన ఇంటి మర్యాద ఒకటుందిగా! వరండాలో ఒక మడత మంచం, దుప్పటి, దోమల చక్రం, వేళకు అన్నం. "బాబూ, ఎన్నింటికి పడుకున్నావు? నిద్ర చాలిందా?" అని ఒక్క మాట. అంతకంటే పెద్ద బీమా లేదు.

బయల్దేరే ముందు రోజు

ఊరగాయ జాడీలు, అరిసెల డబ్బాలు సర్దుకునేటప్పుడే ఇవీ చూసుకోండి.

నడిపే మనిషి ముందు రాత్రి ఏడెనిమిది గంటలు నిద్రపోవాలి. సామాను సర్దే పని అతనికి పెట్టకండి.

టైర్లలో గాలి, స్టెప్నీ, జాకీ, బ్రేకులు, లైట్లు, అద్దాల వైపర్లు ముందురోజే చూపించండి.

నడపడం వచ్చినవాళ్లు ఇద్దరుంటే రెండు గంటలకోసారి మారండి. ఇవాళ మనలో చాలామందికి డ్రైవింగు వచ్చు. 1975లోనే లెల్లా లొంబార్డి అనే ఇటలీ ఆవిడ ఫార్ములా వన్ పోటీలో ఆరో స్థానంలో వచ్చింది. "ఆడవాళ్లకెందుకు" అనే మాట ఇక చెల్లదు.

ముందు సీట్లో కూర్చున్నవాళ్లు నిద్రపోకూడదు. ఫోను వాళ్లు చూసుకోవాలి. నడిపేవాళ్ల చేతికి ఫోను ఇవ్వద్దు.

బరువైన డబ్బాలు వెనక అద్దం దగ్గర పెట్టకండి. గట్టిగా బ్రేకు వేస్తే అవే తలకు తగులుతాయి.

ఏదైనా జరిగితే అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద సాయానికి 1033. ఈ నంబర్లు కాగితం మీద రాసి కారులో ఉంచండి.

దారిలో ఎవరికైనా ప్రమాదం జరిగితే ఆగి సాయం చెయ్యండి. సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇబ్బంది పెట్టకూడదని ఇప్పుడు చట్టమే ఉంది.

చివరగా ఒక్క మనవి. ఈసారి పండక్కి కారు దిగిన వాళ్లను "ఎన్ని గంటలు పట్టింది?" అని అడగకండి. "ఎన్నిచోట్ల ఆగారు?" అని అడగండి. నాలుగుచోట్ల ఆగి, రెండుసార్లు టీ తాగి, ఒక కునుకు తీసి ఏడు గంటల్లో వచ్చానన్న వాళ్లకే ముందు కాఫీ ఇవ్వండి. చూస్తూ ఉండండి, పై ఏడాదికల్లా మగవాళ్ల పందెం దానంతటదే మారిపోతుంది.